పైరాయి మీద చెరిగిన పేరు

మా మామగారు పోయారు. సూరత్‌లో, భేస్తాన్ అవతల ఒక చిన్న ఆసుపత్రిలో, వానాకాలం చివర ఒక మధ్యాహ్నం. కబురు అందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. రాజమండ్రిలో ఆడపడుచుకి, సికింద్రాబాద్‌లో మరిదికి, ఆయనతో కలిసి పనిచేసిన ఒకరిద్దరు పెద్దవాళ్ళకి. విన్నవాళ్ళందరూ ఇంచుమించు ఒకే మాట అన్నారు. నిండు వయసు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ప్రశాంతంగా వెళ్ళిపోయారు అని. నేనూ ఔనన్నాను. ఫోన్‌లో ఇంకేం చెబుతాం? కాని ఆయన ప్రశాంతంగా పోలేదు. ఒక మనిషి పేరు కోసం ఆయన పడ్డ వేదన నేను పక్కనుండి చూశాను. అది చెప్పకుండా ఆయన గురించి ఇంకేం చెప్పినా సగమే చెప్పినట్టు.

మీలో చాలామందికి ఆయన తెలిసే అవకాశం లేదు. రైల్వేలో వంతెనల ఇంజనీరు. బాగా పొడుగు, సన్నం. ఇంట్లో తెల్ల పంచె, బనీను. కాఫీ పూర్తిగా చల్లారాక తాగేవారు. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. రిటైరయ్యాక ఆయన సొంతూరు వెళ్ళకుండా మాతోనే సూరత్‌లో ఉండిపోయారు.

ఆయనతో బజారుకి వెళ్ళడం కష్టం. ఈ ఊళ్ళో సందు సందుకీ పరబ్‌లుంటాయి. అంటే దారినపోయేవాళ్ళ కోసం ఎవరో కట్టించిన మంచినీళ్ళ కుళాయిలు. పైన పాలరాతి పలక మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని గుజరాతీలో రాసి ఉంటుంది. మామగారు ప్రతి పలక దగ్గరా ఆగేవారు. పేరు పైకి చదివి, అప్పుడు దోసిలి పట్టేవారు. స్టేషన్లో బెంచీ మీద కూర్చునే ముందు దాని వీపు మీద ఎవరి పేరుందో చూసేవారు. మా పాపకి సిగ్గేసేది. "తాతయ్యా, చలోనా, అందరూ చూస్తున్నారు" అని చెయ్యి పట్టి లాగేది. ఆయన నవ్వి, "ఇచ్చినవాడు అడిగింది పేరు చదవమనే కదే. చదివితే మనకేం పోయింది?" అనేవారు.

ఒకసారి అరిగిపోయిన పలక మీద సగం పేరు చూసి పాప మిగతాది ఊహించి చదివేసింది. పిల్లని ఎప్పుడూ కసరని మనిషి ఆరోజు గట్టిగానే అన్నారు: "రాయి మీద లేనిది మనం చదవకూడదు. కనబడనిచోట ఆగిపోవాలి."

ఈ అలవాటు ఆయనకి ఇరాక్‌లో అబ్బింది. ఎనభైల మొదట్లో మనవాళ్ళు అక్కడ రైలు మార్గం వేస్తుంటే డిప్యుటేషన్ మీద వెళ్ళి కొన్నేళ్ళున్నారు. అక్కడ సర్వే పనిలో ఆయనకి తోడుగా ఉన్న మనిషి ఆ దేశపు క్రైస్తవుడు. ఉత్తరాన కొండల కింద అతని ఊరు. ఆ ఊరి చర్చిలో పూజలప్పుడు గురువు పక్కన నిలబడి ప్రార్థనలు చదివే పరిచారకుడు అతను. వాళ్ళ భాషలో ఆ పనికి షమ్మాషా అని పేరు. మామగారు అతన్ని అలాగే పిలిచేవారు, నేనూ అలాగే రాస్తాను. సెలవులొస్తే షమ్మాషా ఆయన్ని తన ఊరికి తీసుకెళ్ళేవాడు. అతని భార్య పొయ్యి మీద రొట్టెలు కాల్చి పెట్టేది. పరాయి దేశంలో ఒక్కడై ఉన్న మనిషికి ఆ ఇల్లే ఇల్లయింది.

ఆ చర్చి వెయ్యేళ్ళు దాటినదట. గోడల్లో, గడపల్లో అక్కడక్కడా రాతలు. యేసు మాట్లాడిన భాషకి దగ్గర చుట్టమైన సిరియాక్‌లో చెక్కినవి. షమ్మాషా ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టించి కుడి నుంచి ఎడమకి చదవడం నేర్పాడు. ఏముంటుంది వాటిలో అని నేను అడిగితే మామగారు మన దేవాలయాల శాసనాలు గుర్తుచేశారు. గుడిలో అఖండదీపానికి ఆవుల్నిచ్చాడని మనవాళ్ళు చెక్కించుకోలేదూ, అలాంటివే. ఒకడు నేలకి రంగురాళ్ళు పరిపించాడు. ఒకడు స్తంభం నిలబెట్టించాడు. ఒకతను చనిపోయిన తల్లిదండ్రుల పేరున దీపపు కొక్కెం ఇచ్చాడు. ఎంత ఇచ్చినా, ఎంత కొంచెమిచ్చినా చివర కోరేది ఒక్కటే. ఇది చదివేవాళ్ళు నన్ను తలుచుకోండి అని.

వాటన్నిటిలో ఆయనకి ప్రాణం తలుపు మీది పైరాయి. వంగి లోపలికి వెళ్ళాల్సిన పొట్టి తలుపు అది. దాని మీద అడ్డంగా పరిచిన రాయిని మర్తా అనే విధవరాలు ఇచ్చింది. ఆమె ఇద్దరు కొడుకులు వర్తకుల బిడారుతో వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లలు వస్తే ఈ తలుపు కిందుగానే రావాలి అనుకుందేమో అనేవారు మామగారు. అక్కడుండగా దాన్ని ఫోటో తీసి తెచ్చుకున్నారు. చదివేటప్పుడు ఎప్పుడూ ఆ ఫోటో ముందు పెట్టుకునే చదివేవారు. ఫోటో చూడకుండా వల్లించడం ఆయన పద్ధతి కాదు. రాయిని చూసి చదవాలి గాని తలలోంచి చదవకూడదనేవారు.

అప్పుడు మేము సూరత్‌లోనే అడాజణ్ పేటలో, కింది అంతస్తులో ఉండేవాళ్ళం. తాపీ నది ఊరి మీద పడ్డ ఏడు, తెల్లవారేసరికి వీధిలో నీళ్ళు. పాపని, బియ్యం డబ్బాని, గ్యాస్ సిలిండరుని పై అంతస్తు గుజరాతీవాళ్ళింటికి చేర్చాం. ఫోటోల ట్రంకు అటక మీద ఉంది కదా అనుకున్నాం. నీళ్ళు అటక దాకా వచ్చాయి. తగ్గాక వెళ్ళి తెరిస్తే ట్రంకు నిండా బురద. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలయ్యాయి. మామగారు వాటిని డాబా మీదికి మోసుకెళ్ళి, బ్లేడుతో ఒక్కొక్కటే విడదీయబోయారు. తీసినప్పుడల్లా బొమ్మ ఊడి పక్కదానికి అంటుకుపోయేది. చివరికి ఆయన చేతిలో తెల్ల అట్టలు మిగిలాయి. నెగెటివులూ అందులోనే ఉన్నాయి, అవీ పోయాయి.

మళ్ళీ తీయించుకోవచ్చు లెండి అన్నాను. ఆయన నా వైపు చూసి, అక్కడ యుద్ధం కదమ్మా, ఎవరు తీస్తారు అన్నారు. అంతకుముందు ఏడాదే షమ్మాషా ఫోన్లో చెప్పాడట, ఇప్పుడు చర్చి తలుపు పొద్దున్నే తెరవడం లేదని, తెరిచినా అందరూ రావడం లేదని. వరద తర్వాత మామగారు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ నంబరు పలకలేదు.

మేము భేస్తాన్‌కి మారాం. ఒక ఆదివారం మా ఆయన మొబైల్ మోగితే నేనే ఎత్తాను. ఆడపిల్ల గొంతు, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. తను షమ్మాషా కూతుర్నని చెప్పింది. తండ్రిని చర్చి నుంచి ఇంటికొస్తుంటే దారిలో కాల్చేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే తలుపు దగ్గర బాంబు పెట్టారు. పైరాయి పిండయిపోయింది. తల్లీ కూతుళ్ళు ఇప్పుడు డమాస్కస్‌లో ఒక్క గదిలో ఉంటున్నారు. తల్లి గోడకేసి తిరిగి కూర్చుంటోంది, మాట్లాడటం లేదు. మరణించినవాళ్ళని తలుచుకునే రోజున ఏటా తండ్రి ఆ పైరాయి చదివేవాడు. ఈసారి ఎవరు చదువుతారు? ఇండియాలో ఉన్న స్నేహితుడి దగ్గర ఫోటో ఉందని తండ్రి ఎప్పుడూ చెప్పేవాడట. అది పంపగలరా?

ఫోన్ మామగారికి ఇచ్చాను. ఆయన వచ్చీరాని అరబ్బీలో ఏదో అన్నారు. తర్వాత చాలాసేపు విన్నారు. చివర ఇంగ్లీషులో, ఉందమ్మా, పంపుతాను, అన్నారు.

ఫోన్ పెట్టేసి గోడ పట్టుకుని నిలబడ్డారు. లేదని చెప్పలేకపోయాను, నోరు రాలేదు అన్నారు.

ఆరోజు నుంచి ఆ ఇంట్లో మాకు వేరే పని లేకపోయింది. ముందు గదిలో మంచం తీయించి, గచ్చు మీద సుద్దముక్కతో పైరాయిని అసలు కొలతల్లో గీశారు. మోకాళ్ళ మీద కూర్చుని కుడి నుంచి ఎడమకి ఒక్కొక్క అక్షరం పెట్టుకుంటూ వచ్చారు. మర్తా పేరు వచ్చింది. ఆమె ఇచ్చిన రాయి సంగతి వచ్చింది. పెద్దకొడుకు గివర్గీస్ వచ్చాడు. చిన్నకొడుకు దగ్గర ఆగిపోయారు. అక్కడ రాయి కొంచెం చెరిగి ఉండేది, కాని చదవడానికి వచ్చేది. తను చదివారు కూడా, ఎన్నోసార్లు. ఇప్పుడు ఆ పేరు లేదు. ఖాళీలో ఎన్ని అక్షరాలు పడతాయో కొలిచారు. తెలిసిన సిరియాక్ పేర్లన్నీ రాసి చూశారు. పట్టే పేర్లు చాలా ఉన్నాయి. అదే ఆయన్ని చంపుకుతింది. ఏదైనా కావచ్చు. రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. మోకాళ్ళు వాచిపోయాయి. అన్నానికి పిలిస్తే ఒక్క నిమిషం అనేవారు, కంచం అలాగే ఎండిపోయేది.

పక్క పోర్షన్‌లో సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాలవాళ్ళుండేవారు. ఆ ఇంటావిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసి, నన్ను పక్కకి పిలిచింది.

"ఏందక్కా, పెద్దసారు గిట్ల నేల మీద కూసుండి ఏడుస్తుండు? జర డాక్టర్‌కి చూపెట్టరాదు?"

నేను విషయం చెప్పాను. ఆమె లోపలికి వచ్చి ఆ గీతలు చూసింది. ఎన్నడో పోయిన పిల్లగాని పేరుకి ఇంత గోస పడవడితిరి, ఆ తల్లి కూడ లేకపాయె గద సారూ, అంది. మామగారు తలెత్తలేదు. "తల్లి లేదు కాబట్టేనమ్మా. ఆమె నాకు అప్పజెప్పింది. చదివినవాళ్ళందరికీ అప్పజెప్పింది" అన్నారు. మర్నాటి నుంచి రొట్టెలు పక్కింటావిడే చేసి తెచ్చి, ఆయన తినేదాకా అక్కడే కూర్చునేది.

కేరళలో సిరియాక్ చెప్పే గురువులకి రాశారు. వాళ్ళు ఎంతో మర్యాదగా, ఆ ఊరి శాసనాలు మా దగ్గర లేవని జవాబిచ్చారు. పాత సహోద్యోగులకి ఫోన్లు చేశారు. సగంమంది లేరు. ఉన్నవాళ్ళలో వడోదరలో స్థిరపడ్డ ఒకాయన, ఆ చర్చి ముందు మనందరం దిగిన ఫోటో నా దగ్గరుంది, తలుపు బాగా కనబడుతుంది, వచ్చి చూడు అన్నాడు.

నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. రైల్లో మామగారు చాన్నాళ్ళకి తలుపు దగ్గర నిలబడ్డారు. భరూచ్ దగ్గర నర్మద వంతెన వచ్చేటప్పుడు ఎప్పుడూ చేసేలాగే చక్రాల చప్పుడు మారడం వినమని నాకు చెప్పారు. ఉప్పు శనక్కాయలు కొనిపించి తిన్నారు. ఆ ఫోటో దొరికితే ఎన్ని కాపీలు తీయించాలో, డమాస్కస్‌కి ఎలా పంపాలో దారంతా చెబుతూనే ఉన్నారు.

వడోదరలో ఆ పెద్దాయన ఆల్బం తెచ్చి తెరిచాడు. ఎండలో ఏడెనిమిదిమంది మగవాళ్ళు, చొక్కా చేతులు మడిచి, నవ్వుతూ. వెనక పొట్టి తలుపు, మీద పైరాయి. రాతలు స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు మర్తా, తర్వాత గివర్గీస్. ఆ తర్వాత చిన్నకొడుకు పేరుండాల్సిన చోట ఒక తల ఉంది. అందరికంటే పొడుగ్గా, నల్లటి మీసంతో, షమ్మాషా భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మనిషి తల.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నేనే అడ్డం నిలబడ్డానమ్మా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో నర్మద వచ్చింది, పోయింది. ఆయన తలెత్తలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ చేతులనే చూస్తూ కూర్చున్నారు. ఎదురు సీటులో ఎవరో, బాబూజీకి ఒంట్లో బాగులేదా అని నన్ను అడిగారు.

తలుచుకునే రోజు దగ్గరపడింది. ముందురోజు పొద్దున స్నానం చేసి వచ్చి, నంబరు కలిపి స్పీకర్‌లో పెట్టమన్నారు. కూతురు ఎత్తింది. ఆయన మొదట అన్న మాట, నేను నీకు అబద్ధం చెప్పాను. ఫోటోలు వరదలో పోయాయి. గుర్తున్నంతవరకు చెబుతాను, రాసుకో. ఉండండి, కాగితం తెచ్చుకుంటాను అంది ఆ పిల్ల. తర్వాత ఫోన్ అమ్మ చెవి దగ్గర కూడా పెడతానంది.

ఆయన గచ్చు మీది సుద్దరాత ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టారు. నాకు భాష తెలియదు. కాని ఆ గీతల వెంట చూపు నడిపిస్తూ, ఆయన ఎక్కడున్నారో నాకు తెలుస్తూనే ఉంది. మర్తా దగ్గర ఆయన గొంతు బాగుంది. గివర్గీస్ దగ్గర బాగుంది. తర్వాత ఆగారు. ఇక్కడ ఒక పేరుండాలి, నాకు గుర్తు లేదు, నన్ను క్షమించు అన్నారు.

లైను తెగిందేమో అనుకున్నాను. అప్పుడు ఒక ముసలి గొంతు వినబడింది. బొంగురుగా, చాలాకాలం వాడని గొంతులా. ఒక్క పేరు చెప్పింది. వెంటనే కూతురు ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ మాట్లాడింది, అది మా నాన్న పేరు అంది.

రాయి మీద లేనిది చదవకూడదని మనవరాల్ని కసిరిన మనిషి. ఆయన కళ్ళు మూసుకుని ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మర్తా, గివర్గీస్, ఆ పక్కన షమ్మాషా అసలు పేరు. చివరిదాకా చదివేశారు. అవతల ముసలామె ఆయన వెంట ఒక్కొక్క మాటా పలుకుతోంది.

నేను ఆరోజు సంతోషపడ్డాను. మీరు ఆవిడ చేత మాట్లాడించారు మామయ్యా అన్నాను. పక్కింటావిడ కూడా కళ్ళొత్తుకుంది. ఆయన మాత్రం సుద్దరాతలో ఆ ఖాళీని చూస్తున్నారు.

"ఆవిడ అడిగింది, ఇచ్చాను. మరి ఆ పిల్లాడు? ఒకసారి ఎడారిలో పోయాడు. రాయి మీద పోయాడు. ఇప్పుడు నా నోట్లోంచి కూడా పోయాడు."

అక్కడితో తీరుతుందనుకున్నది అక్కడే మొదలైంది. ఆయన గచ్చు తుడవనివ్వలేదు. మేము ఆ గీతల పక్కనుంచి ఒత్తిగిలి నడిచేవాళ్ళం. అడుగుల కింద ఒక్కొక్క అక్షరం మాసిపోతుంటే మళ్ళీ దిద్దేవారు, ఖాళీ మాత్రం ఖాళీగానే ఉంచేవారు. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి పెదవులు కదిపేవారు. మా ఆయన ఒకసారి విసిగి, నాన్నా, ఇక వదిలెయ్యండి అంటే, వదిలెయ్యడానికి నేనెవర్నిరా అన్నారు. మనిషి చిక్కిపోయారు. ఊపిరి అందక మంచం మీద కూర్చునే నిద్రపోయేవారు. నిద్రలో కూడా పేర్లు వెతికేవారు.

ఆసుపత్రిలో చేర్చిన కొద్దిరోజులకి, ఆ మధ్యాహ్నం, నేను నారింజ వలుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నారు. ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి ఒక మాట అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. సబ్రీషో.

"వాడే. చిన్నవాడు" అన్నారు.

డమాస్కస్‌కి ఫోన్ చేయమంటారా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. షమ్మాషా భార్యకి నేను చదివింది అలాగే ఉండనీ అన్నారు. కొంచెం ఊపిరి తీసుకుని, వీడికీ ఒకరుండాలి కదమ్మా, నువ్వు ఉంచుకో, అన్నారు. నాచేత పలికించారు. నేను తప్పు పలికితే సరిదిద్ది, సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ అనిపించారు.

ఆయన నాకిచ్చినది ఇదొక్కటే, దీన్ని నా దగ్గరే దాచుకోలేకపోతున్నాను. షమ్మాషా భార్య తెలుగు చదవదు కాబట్టి ఆమె గుండెకి దెబ్బ తగలదు. మర్తా కొడుకులు ఇద్దరు. గివర్గీస్, సబ్రీషో. చదివారు కదా, అంతే చాలు.

పేరు నాకు వచ్చేసిందని తేల్చుకున్నాక ఆయన చెయ్యి వదిలి కిటికీవైపు తిరిగారు. అవతల ఒక డాబా మీద అద్దకం చేసిన బట్టలు తాళ్ళ మీద బారుగా ఆరేసి ఉన్నాయి. చినుకులు మొదలయ్యాయి. ఒక ఆడమనిషి పరిగెత్తుకొచ్చి బట్టలన్నీ లాగి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చివరి తాడు మీద ఒక్క తెల్లగుడ్డ మిగిలిపోయింది. ఆమె దానికోసం తిరిగి వస్తుందేమోనని ఆయన చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. వాన పెరిగింది. గుడ్డ తడిసి, బరువెక్కి, తాడు మీద నెమ్మదిగా కిందికి వంగుతోంది.